మన నాన్నజ్ పక్షి, మన పిల్లల పరీక్ష

మన బస్తీలో పిల్లలు పోలీస్ భర్తీకి, రైల్వేకి, ఎంపీఎస్సీకి చదువుతున్నారు. ప్రమాదంలో ఉన్న జంతువుల పాఠం వస్తే పెద్ద పట్టిక ముందు పెట్టుకుని బట్టీ కొడతారు. రెండు రోజులకు అంతా గల్లంతు. నేను మిల్లులో పని చేసి రిటైరైన వాణ్ణి, నాలుగో తరగతి దాకే చదివిన. అయినా ఒక మాట చెప్త. ముందు మన ఊరి పక్షిని ఒక్కదాన్ని సరిగ్గా తెలుసుకోండి. మిగతా పాఠం దాని వెనకే వస్తది.

సోలాపూర్ నుంచి బార్షీ రోడ్డు పట్టుకుని ఇరవై కిలోమీటర్లు పోతే నాన్నజ్ వస్తది. అక్కడి గడ్డి భూముల్లో మాళ్‌ఢోక్ తిరిగేది. తెలుగులో బట్టమేక పక్షి, ఇంగ్లీషులో గ్రేట్ ఇండియన్ బస్టర్డ్. నిలబడితే మీటరు ఎత్తు. మగది 15 కిలోల దాకా తూగుతది. ఇది రాజస్థాన్ రాష్ట్ర పక్షి. దీని కోసం ఇక్కడ 1979లో అభయారణ్యం పెట్టారు. కర్నూలు వైపు రోళ్లపాడులో 1988లో ఇంకొకటి పెట్టారు. ఇప్పుడు దేశం మొత్తం మీద 150 లోపే మిగిలినయి. వాటిలో ఎక్కువ భాగం రాజస్థాన్‌లోనే. నాన్నజ్‌లో ఒకటి కనపడితే పేపర్లో వార్త.

పరీక్షలో పిల్లలు తికమకపడేది ఇక్కడే. లిస్టులు రెండున్నయి. ఒకటి ఐయూసీఎన్ అనే ప్రపంచ సంస్థ తయారు చేసే రెడ్ లిస్ట్. ఇది 1964లో మొదలైంది. ప్రమాదంలో ఉన్నవాటికి అందులో మూడు మెట్లు: వల్నరబుల్, ఎన్‌డేంజర్డ్, క్రిటికల్లీ ఎన్‌డేంజర్డ్. పులి రెండో మెట్టు మీదుంది. మన బట్టమేక పక్షి 2011 నుంచి మూడో మెట్టు మీదుంది. దాని తర్వాత మిగిలేది అడవిలో లేకుండా పోవడం, ఆ పైన భూమి మీదనే లేకుండా పోవడం.

రెండోది మన దేశ చట్టం, 1972 వన్యప్రాణి రక్షణ చట్టం. అందులో మొదటి షెడ్యూల్‌లో ఉన్న జంతువుకు అన్నిటికంటే గట్టి రక్షణ. నాన్నజ్‌లోనే తిరిగే కృష్ణజింకను చూడండి. రెడ్ లిస్ట్‌లో దానికి పెద్ద ప్రమాదం లేదని రాసుంది, కాని మన చట్టంలో మొదటి షెడ్యూల్‌లోనే ఉంది. ప్రశ్న ఏ లిస్టు గురించి అడిగిండో చూసి జవాబు రాయాలె.

ఇంత పెద్ద పక్షి ఎందుకు తగ్గింది? ఒకప్పుడు వేట. తర్వాత గడ్డి భూమిని పనికిరాని భూమి అనుకుని దున్నేశారు. నీళ్లొచ్చిన చోట చెరకు వేశారు. ఇది మామూలుగా ఒక్కటే గుడ్డు పెడతది, అదీ నేల మీద. కుక్క తిన్నా, పశువు తొక్కినా ఆ యేడు పంట పోయినట్టే. కళ్లు పక్కలకు ఉంటయి, ఎదురుగా ఉన్న కరెంటు తీగ సరిగ్గా కనపడదు. బరువు మనిషి గబుక్కున పక్కకు తిరగలేనట్టే ఇది కూడా తిరగలేక తీగకు తగిలి చస్తది.

ఇంకో సంగతి పుస్తకాల్లో తక్కువ రాస్తారు. మొదట ఈ అభయారణ్యాన్ని 8,496 చదరపు కిలోమీటర్లని ప్రకటించారు. అందులో జనం ఊళ్లు, పొలాలు కూడా పడ్డయి. భూమి అమ్మాలన్నా, ఏదైనా కట్టాలన్నా అడ్డం. రైతుకు పక్షి మీద కోపం రాదా? తర్వాత దాన్ని 1,222కు తగ్గించారు. పేదవాడి పొట్ట మీద కొట్టి ఏ పక్షినీ కాపాడలేరు. అట్లని వదిలేస్తే పక్షి ఉండదు. రెండూ చూసుకోవాలె.

ఆశ లేదని కాదు. జైసల్మేర్ దగ్గర 2019 నుంచి అడవిలోని గుడ్లు తెచ్చి, పొదిగించి, పిల్లలను పెంచుతున్నారు.

అమ్మలారా, అయ్యలారా, సెలవు రోజు పిల్లలను నాన్నజ్ తీసుకుపోండి. పక్షి కనపడకపోవచ్చు. జింకలు, గడ్డి కనపడతయి. ఆ గడ్డిని చూసిన పిల్లకు ఈ పాఠం మళ్లీ బట్టీ కొట్టే పని ఉండదు.