ఒక్క సిట్టింగ్‌తో స్ట్రెచ్ మార్క్స్ ఎందుకు పోవు?

గర్భిణుల్లో సగం నుంచి 90 శాతం మందికి స్ట్రెచ్ మార్క్స్ పడతాయని వేర్వేరు అధ్యయనాలు చెబుతున్నాయి. హైదరాబాద్ పాతబస్తీలోని పేట్లబురుజు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి లాంటి చోట్ల ఇది రోజూ కనిపించే సంగతే. వీటిని తగ్గించుకోవడానికి లేజర్‌కు డబ్బు కట్టే ముందు ఈ అంకెలు చూసుకోవాలి.

14 శాతం: 1996లో వచ్చిన ఒక అధ్యయనంలో కొత్త, ఎర్ర చారలకు 0.1 శాతం ట్రెటినాయిన్ క్రీమును 24 వారాలు రాశారు. చారల పొడవు సగటున 14 శాతం, వెడల్పు 8 శాతం తగ్గాయి. పూతమందుతో దక్కేది ఇంతే. పైగా గర్భిణులు దీన్ని వాడకూడదు.

585, 1540: ఇవి కాంతి తరంగాల పొడవులు, నానోమీటర్లలో. కొత్త చార ఎర్రగా ఉంటుంది. 585 లేదా 595 కాంతి ఆ ఎరుపునిచ్చే రక్తనాళాల మీద పనిచేసి ఎరుపు తగ్గిస్తుంది. ఏళ్లు గడిచి తెల్లబడిన చారలో ఆ ఎరుపు ఉండదు. అక్కడ 1540 లేదా 1550 ఫ్రాక్షనల్ లేజర్ చర్మంలోని నీటిని వేడిచేసి, కొత్త కొల్లాజెన్ పుట్టేలా చేస్తుంది. అందుకే మిషన్ పేరు కంటే ముందు చార రంగు చూడాలి.

59 శాతం: ఫ్రాక్షనల్ లేజర్ చర్మమంతా కాల్చదు. జల్లెడ కళ్లలా చుక్కలు పెట్టి, మధ్యలో మంచి చర్మాన్ని వదిలేస్తుంది. గాయం త్వరగా మానేది అందువల్లే. ఒక సిట్టింగ్‌లో 20 శాతం చర్మానికి తాకిందనుకుందాం. చుక్కలు ఎక్కడపడితే అక్కడ పడతాయి కాబట్టి, నాలుగు సిట్టింగులయ్యాక లేజర్ తగిలిన భాగం 80 కాదు, సుమారు 59 శాతం. ఇది తగిలిన మేర మాత్రమే, చార తగ్గిన మేర కాదు.

4, 5: చర్మాన్ని ఆరు రకాలుగా విభజించే ఫిట్జ్‌పాట్రిక్ కొలమానంలో మనలో ఎక్కువమందిది నాలుగు, అయిదు. ఈ చర్మానికి వేడి ఎక్కువైతే నల్లమచ్చ పడుతుంది. 10,600 నానోమీటర్ల కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తో ఆ ముప్పు ఇంకా ఎక్కువ. కాబట్టి డాక్టర్లు చుక్కల సాంద్రత తగ్గిస్తారు. సిట్టింగ్‌కు 10 శాతమే తాకితే, నాలుగింటికి అయ్యేది 34 శాతమే. మన చర్మానికి సిట్టింగులు పెరిగేది ఇందుకే. వాటి మధ్య కనీసం నెల ఎడం కావాలి.

2018: తెల్లబడాలని మెడికల్ షాపులో కొని రాసుకునే స్టిరాయిడ్ క్రీములూ చారలు తెస్తాయి. ఆ ఏడాది కేంద్రం ఈ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే డాక్టర్ చీటీ లేనిదే అమ్మకూడదు. ఇలా పడిన చారలకు మొదటి వైద్యం, డాక్టర్ సలహాతో ఆ క్రీము మానడం.

క్లినిక్‌లో అడగాల్సినవి నాలుగు: ఏ తరంగం? ఎంత శాతం సాంద్రత? ఎన్ని సిట్టింగులు? ముందు చిన్నచోట పరీక్షించి చూస్తారా? చార పూర్తిగా మాయమవుతుందని ఎవరైనా హామీ ఇస్తే మాత్రం అడ్వాన్సు కట్టకండి. ఏ లేజరూ దాన్ని మసకబార్చగలదే తప్ప, మునుపటి చర్మాన్ని తిరిగి ఇవ్వలేదు.