వాసన అనే మాటకు రెండర్థాలు

కొన్నేళ్ల క్రితం వైశాఖ శుద్ధ తదియనాడు సింహాచలంలో శ్రీ వరాహలక్ష్మీనృసింహస్వామివారి చందనోత్సవానికి వెళ్లాను. సంవత్సరమంతా చందనపు పూతలో కొలువుండే స్వామి ఆ ఒక్కరోజే భక్తులకు నిజరూప దర్శనమిస్తారు. ఎండ తీవ్రంగా ఉంది. వరుసలో నిలుచున్న మాకు సేవకు వచ్చిన ఒక యువకుడు మంచినీళ్లు అందించాడు. గ్లాసు పెదవులకు తాకకముందే వట్టివేళ్ల పరిమళం సోకింది. ఆ క్షణంలో నేను కొండమీద లేను. గోదావరి తీరాన, మా అమ్మమ్మ ఇంటి అరుగుమీద ఎనిమిదేళ్ల పిల్లవాడినై కూర్చున్నాను.

వేసవి వస్తే ఆ అరుగే చలివేంద్రం. ఇసుక పరిచి, దానిపై కొత్త కుండలు నిలిపి, పలుచని గుడ్డలో కట్టిన వట్టివేళ్లను నీటిలో వేసేవారు. బాటసారులకు నీళ్లు పోయడం నా పని. “ముందు వాళ్లకు పోసి, తరువాత నువ్వు తాగు నాన్నా” అనేది అమ్మమ్మ. ఆమె తన ఆఖరి వేసవిలో నన్ను చూడాలని కబురు పంపింది. సెలవు దొరకదని, వచ్చే ఏడాది తప్పక వస్తానని బదులు పంపాను. మరుసటి వేసవికి ఆమె లేదు. ఈ సంగతి నేనెన్నడూ మరువలేదు. అయినా ఆనాడు వరుసలో పొంగిన దుఃఖం, అన్నేళ్లలో ఎప్పుడూ పొంగలేదు.

ఒక పరిమళానికి ఇంత శక్తి ఎక్కడిది? చూపు, వినికిడి, స్పర్శ మోసుకువచ్చే సంకేతాలు మెదడులోని థలామస్ అనే కేంద్రం మీదుగా పైభాగాలకు చేరుతాయి. వాసన దారి వేరు. ముక్కు లోపలి పైభాగంలోని గ్రాహకాల నుండి అది ఘ్రాణకందాన్ని చేరి, థలామస్ వద్ద ఆగకుండానే భావోద్వేగాలకు నెలవైన అమిగ్డలానూ, జ్ఞాపకాలను కూర్చే హిప్పోక్యాంపస్‌కు దారితీసే భాగాన్నీ తాకుతుంది. అందుకే వాసన పేరు తోచకముందే మనసు చలిస్తుంది. ఈ గ్రాహకాల జన్యువులను 1991లో వెల్లడించిన లిండా బక్, రిచర్డ్ యాక్సెల్‌లకు 2004లో నోబెల్ బహుమతి లభించింది. మనిషిలో ఇవి సుమారు 400 రకాలు.

మరొక కారణమూ ఉంది. మాటలూ చిత్రాలూ ఎక్కువగా యౌవనపు రోజులను గుర్తుచేస్తే, వాసనలు పదేళ్లలోపు బాల్యాన్ని గుర్తుచేస్తాయని పరిశోధకులు గమనించారు. పైగా నిత్యం పీల్చే కర్పూరపు వాసన వేయి సందర్భాలతో ముడిపడి ఉంటుంది. వట్టివేరు ఏడాదికొకసారి, ఎండతోపాటే వస్తుంది. కనుక దాని ముడి సడలదు.

అయితే వాసన తెచ్చే జ్ఞాపకం గాఢమైనదే కాని, అన్నివేళలా కచ్చితమైనది కాదు. ఆ అరుగు తూర్పుముఖంగా ఉండేదని, కుండలు మూడని నేను అక్కతో చెప్పాను. “పడమర ముఖంరా, కుండలు రెండే” అని ఆమె నవ్వింది. ఆమె మాటే నిజం కావచ్చు. కాని ఆ అరుగుమీద నేను పొందిన ప్రేమ విషయంలో మా ఇద్దరికీ భేదం లేదు.

మన పెద్దలు ‘వాసన’ అనే ఒక్క మాటకు రెండర్థాలు నిలిపారు. ఒకటి ముక్కుకు తెలిసేది. రెండవది పూర్వానుభవం మనసులో విడిచిన సంస్కారం. తర్కశాస్త్రం గంధాన్ని పృథివికి విశేషగుణంగా చెప్పింది. పంచోపచారాలలో గంధం, పుష్పం, ధూపం ఈ మూడూ పరిమళంతో కూడినవే. మట్టిలో పెరిగిన వట్టివేరు ఎండి ఉన్నప్పుడు దాదాపు మౌనంగా ఉంటుంది. నీరు తగలగానే పరిమళిస్తుంది. మనసులోని వాసనలూ అంతే. అవి నశించవు, తగిన తడి కోసం వేచి ఉంటాయి.

స్కాందపురాణంలోని వైశాఖ మాహాత్మ్యం ఈ మాసంలో జలదానాన్ని, చలివేంద్రం నిలపడాన్ని ఎంతో కొనియాడింది. ఆ చందనోత్సవం తరువాతి వేసవి నుండి నేనూ మా ఇంటిముందు రెండు కుండలు పెడుతున్నాను. వట్టివేళ్లను మన్ను పోయేలా కడిగి, గుడ్డలో కట్టి రాత్రే నీటిలో వేస్తాను. అమ్మమ్మకు నేను బాకీపడిన వేసవి దీనితో తీరదని తెలుసు. నీళ్లు పోసే పని మాత్రం మా మనుమరాలిది. ఆమెకిప్పుడు ఏడేళ్లు. ముందు వచ్చినవారికి పోసి, తరువాతే తాను తాగుతుంది.