నాడీ ప్రేరిత హృదయ లయ దోషాల అధ్యయనంలో జంతు నమూనాలు

హృదయ లయ దోషాలలో నాడుల పాత్రను రోగిలో నేరుగా పరీక్షించే అవకాశం పరిమితం. అందువల్ల ఈ రంగంలోని పరిజ్ఞానం చాలావరకు జంతు నమూనాల నుండే లభించింది. అయితే ఒకే వేగస్ నాడి ఒక నమూనాలో లయను చెడగొడుతుంది, మరొక నమూనాలో కాపాడుతుంది. నమూనా ఎంపికలోని అసలు చిక్కు ఇదే.

వేగస్ నాడి ఒక రసాయనం ద్వారా గుండె వేగాన్ని తగ్గిస్తుందని 1921లో ఆటో లోవి కప్ప గుండెపై చేసిన ప్రయోగంలో నిరూపించాడు. తరువాత ఎసిటైల్‌కోలిన్‌గా తేలిన ఆ రసాయనం కర్ణికా కణాలలో ఒక ప్రత్యేక పొటాషియం ప్రవాహాన్ని పెంచి, రిఫ్రాక్టరీ కాలాన్ని, అంటే ఒక స్పందన తరువాత కణం మరో ప్రేరణను స్వీకరించలేని వ్యవధిని, తగ్గిస్తుంది. కర్ణికలలో వేగస్ తంతువుల వ్యాప్తి సమంగా ఉండదు కనుక ఈ తగ్గుదల కూడా చోటును బట్టి మారుతుంది. దానితో విద్యుత్తరంగం చుట్టు తిరిగి అదే కణజాలాన్ని మళ్లీ ఉత్తేజపరచగలుగుతుంది. కుక్కలో వేగస్ ఉత్తేజం కర్ణికా ఫిబ్రిలేషన్‌కు దోహదం చేయడానికి ప్రధాన కారణం ఇదే. ఆ పొటాషియం ఛానల్‌లో భాగమైన జిఐఆర్‌కె4 ప్రోటీన్ లోపించిన చుంచెలుకలలో కార్బకాల్ ఇచ్చినా ఫిబ్రిలేషన్ కలగలేదని 2001లో వెల్లడి కావడం ఈ వివరణను బలపరచింది.

జఠరికల విషయం వేరు. ష్వార్ట్జ్, బిల్మన్, స్టోన్ 1984లో వివరించిన నమూనాలో, గుండెపోటు నుండి కోలుకున్న కుక్కను పరుగెత్తించి, వ్యాయామపు చివరి నిమిషం నుండి రెండు నిమిషాలపాటు ఒక కరోనరీ ధమనిని మూసివేస్తారు. కొన్ని కుక్కలలో జఠరికా ఫిబ్రిలేషన్ కలుగుతుంది, కొన్నింటిలో కలగదు. ఈ వ్యక్తిగత భేదమే నమూనాకు విలువ తెచ్చింది. ప్రమాదానికి లోనైన కుక్కలలో వేగస్ ప్రతిచర్య బలహీనంగా ఉన్నట్లు, ఆ నాడిని ఉత్తేజపరిస్తే చాలావాటిలో ఫిబ్రిలేషన్ ఆగినట్లు తేలింది. గుండెపోటు తరువాత బారోరిఫ్లెక్స్ క్షీణించిన రోగులలో మరణ ప్రమాదం ఎక్కువని 1998 నాటి అట్రామీ అధ్యయనం చూపింది. జంతు ఫలితం రోగిలో ఇంత స్పష్టంగా ప్రతిఫలించడం అరుదు.

చుంచెలుకలో జన్యు మార్పు సులభమే కానీ, నిమిషానికి 500కు పైగా కొట్టుకునే ఆ చిన్న గుండెలో ఫిబ్రిలేషన్ ఎక్కువసేపు నిలవదు. పునర్ధ్రువీకరణకు తోడ్పడే పొటాషియం ప్రవాహాలూ మానవునిలోని వాటికి భిన్నం. మత్తుమందు మరో సమస్య. పెంటోబార్బిటాల్ వేగస్ ప్రభావాన్ని అణచివేస్తుంది కనుక, ఆ మత్తులో లభించిన నాడీ ఫలితాలను జాగ్రత్తగా చదవాలి.

ఈ ఇబ్బందిని దాటడానికి శరీరంలో అమర్చిన పరికరాలతో, మెలకువగా తిరుగుతున్న కుక్కలలో నాడీ సంకేతాలను నిరంతరం నమోదు చేశారు. కర్ణికా లయ దోషాలకు ముందు తరచుగా సహానుభూత నాడులు, వేగస్ నాడి ఒకేసారి క్రియాశీలమైనట్లు 2008లో వెలువడిన ఫలితాలు తెలిపాయి. వేగస్‌ను ఒంటరిగా ఉత్తేజపరిచే పాత పద్ధతిలో ఈ కలయిక కనిపించే వీలే లేదు.