ఆఖరి నిమిషంలో కోచ్ నిర్ణయం: అభిమానులకు అంత కోపం ఎందుకు?

ఇంట్లో ఫుట్‌బాల్ చూసే కుర్రాళ్లు ఉంటే ఈ మాట మీరు వినే ఉంటారు: "ఇప్పుడు దించడమేంటి భాయ్? ముందే దించాల్సింది కదా!" మ్యాచ్ ఆఖర్లో కోచ్ ఆటగాళ్లను మార్చే తీరు మీద వచ్చే కోపం ఇది. దీనికి బాగా గుర్తుండిపోయిన ఉదాహరణ 2021 జులై 11న లండన్ వెంబ్లీలో జరిగిన యూరో ఫైనల్. మనకు అప్పుడు అర్ధరాత్రి దాటింది. మా ఇంట్లో అన్న, నేను టీవీ సౌండ్ తగ్గించి చూశాం.

రెండో నిమిషంలోనే ల్యూక్ షా గోల్‌తో ఇంగ్లండ్ ముందుకెళ్లింది. తర్వాత మెల్లగా వెనక్కి తగ్గి, ఉన్న ఒక్క గోల్‌ను కాపాడుకునే ఆట మొదలుపెట్టింది. ఇటలీ కోచ్ మాన్చీని 55వ నిమిషానికే ఇద్దరిని మార్చేశాడు. 67వ నిమిషంలో బొనూచి గోల్ కొట్టి స్కోరు సమం చేశాడు. ఇంగ్లండ్ కోచ్ గారెత్ సౌత్‌గేట్ మొదటి మార్పు చేసింది ఆ తర్వాతే. అభిమానుల మొదటి ఫిర్యాదు ఇదే: ఆట చేయి జారుతున్నట్టు కనిపిస్తున్నా ఆలస్యం చేశాడని.

రెండో ఫిర్యాదు ఇంకా పెద్దది. ఎక్స్‌ట్రా టైమ్ అయిపోవస్తుండగా, 120వ నిమిషంలో రాష్‌ఫర్డ్, శాంచోలను పెనాల్టీల కోసమే దించాడు. ఇద్దరికీ బంతి తాకే అవకాశమే సరిగ్గా రాలేదు. ఒళ్లు వేడెక్కకుండా, ఆటలో కుదురుకోకుండా, అంత ఒత్తిడిలో పెనాల్టీ కొట్టడం ఎవరికైనా కష్టమే. రాష్‌ఫర్డ్ బంతి పోస్టుకు తగిలింది. శాంచో బంతిని గోల్‌కీపర్ డొన్నరుమ్మ ఆపేశాడు. చివరి పెనాల్టీ 19 ఏళ్ల సాకాకు ఇచ్చారు, అదీ ఆగిపోయింది. ఇటలీ 3-2తో గెలిచింది.

మరి సౌత్‌గేట్ ఆలోచించకుండా చేశాడా? లేదు. ప్రాక్టీస్‌లో ఎవరు బాగా కొట్టారో చూసే పేర్లు నిర్ణయించామని, బాధ్యత తనదేనని చెప్పాడు. 1996 యూరో సెమీఫైనల్లో తానే పెనాల్టీ మిస్ చేసిన మనిషి. ఆ నొప్పి తెలియనివాడు కాదు. కానీ ప్రాక్టీస్ వేరు, నిండు స్టేడియం వేరు.

ఇక్కడ మన హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్‌ను గుర్తుచేసుకోవాలి. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం సాబ్ ఆయన్ను ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్లో దక్షిణ కొరియాపై ఆయనే ఒక గోల్ కొట్టారు, భారత్ 2-1తో స్వర్ణం గెలిచింది. ఒకవేళ ఓడిపోయి ఉంటే? గాయపడ్డవాణ్ణి, అదీ డిఫెండర్‌ని ముందుకు పంపుతారా అని ఆయన్నీ తిట్టేవాళ్లేమో.

అంటే మనం చాలాసార్లు ఫలితం చూసి నిర్ణయాన్ని తూకం వేస్తాం. లాభం వస్తే తెలివి, నష్టం వస్తే తప్పు. న్యాయంగా అడగాల్సింది ఒక్కటే: ఆ క్షణంలో కోచ్‌కు తెలిసినదాన్ని బట్టి అది సరైనదేనా? ఇలా అడిగినా, ఆ ఇద్దరినీ కనీసం పది నిమిషాల ముందు దించి ఉండాల్సింది అనే విమర్శ నిలుస్తుంది.

కానీ ఆ రాత్రి కోపం కోచ్ దగ్గర ఆగలేదు. మిస్ చేసిన ముగ్గురూ నల్లజాతి కుర్రాళ్లు. సోషల్ మీడియాలో వాళ్ల రంగును పట్టుకుని నీచంగా తిట్టారు. నిర్ణయం కోచ్‌ది, శిక్ష పడింది పిల్లలకు. ఒకడి తప్పుకు వాడి జాతి మొత్తాన్ని నిలదీస్తే ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అందుకే మీ ఇంట్లో కుర్రాళ్లు కోచ్ మీద అరిస్తే అరవనివ్వండి. మార్పు ఎందుకు ఆలస్యమైంది, ఎవరిని దించాల్సింది అని వాదించుకోనివ్వండి. మాట ఆటగాడి రంగు, మతం, ఊరు మీదకు మళ్లితే మాత్రం అక్కడే ఆపండి.