విశాలాక్షర పఠనము – తెలుగు అక్షర గణనము

ఛందఃపరిశోధనమున నక్షరగణనమునకు నేడు కంప్యూటరును వాడుచున్నాము. సీ భాషలో నిందులకు సాధనము ఎఫ్‌గెట్‌డబ్ల్యుసీ అను ఫంక్షను. 1995 నాటి ప్రమాణసవరణముచే చేరిన యిది ఇన్‌పుట్ ప్రవాహమునుండి ఒక్కొక్క విశాలాక్షరమును గ్రహించును.

'క్ష' అను నక్షరమును పరిశీలింతము. యూటీఎఫ్-8 పద్ధతిలో నిది 9 బైట్లు. ఎఫ్‌గెట్‌సీ దీనిని 9 మారులుగా చదువును. సెట్‌లొకేల్ చేత ముందుగా తగిన లొకేలును నిర్ణయించినచో, ఎఫ్‌గెట్‌డబ్ల్యుసీ కకారము, పొల్లు, షకారము అను 3 సంకేతములుగా చదువును. ఛందస్సునకు మాత్రము ఇది యొక్క యక్షరమే.

పేరున 'అక్షర' మున్నను, విశాలాక్షరము సాధారణముగా యూనికోడ్ సంకేతమే కాని లాక్షణికు లెరిగిన యక్షరము కాదు. కావున పొల్లుతో కలిసిన హల్లులను, గుణింతపు గుర్తులను, సున్నను ఒక్కటిగా కూర్చిన పిమ్మటనే గణింపవలెను. లేనిచో నిర్దోషమైన పద్యమునందును గణభంగము కనబడును.