తేయాకు కొండ, రొయ్యల గుంట

మూడు ఏర్లు కలిసే చోటు కనుక ఆ ఊరికి మున్నార్ అని పేరు. నెల్లూరు తీరం నుంచి మా విద్యార్థులతో కలిసి ఇటీవల అక్కడికి వెళ్లాను. కొండలన్నీ దువ్వినట్టున్న తేయాకు తోటలే. అందరూ ఫొటోలు తీసుకుంటుండగా ఒక విద్యార్థిని లోయలో వరుసగా ఉన్న ఇరుకు గదులను చూపి, ‘అవి ఎవరివి సార్?’ అని అడిగింది. అవి కార్మికుల ‘లయాలు’.

బ్రిటిష్ కాలంలో తమిళ జిల్లాల నుంచి కంగాణీలు అడ్వాన్సులిచ్చి ఈ కొండలెక్కించిన వారిలో అత్యధికులు దళితులు. సెంటు భూమి లేకనే వచ్చారు. తరాలు గడిచినా వారికి భూమి దక్కలేదు. 1951 నాటి తోట కార్మికుల చట్టం యజమాని ఇల్లివ్వాలన్నది. కానీ ఆ ఇల్లు కొలువు ఉన్నంతవరకే. తల్లి పదవీ విరమణ చేస్తే, గది నిలబెట్టుకోవడానికి కూతురో కొడుకో అదే తోటలో చేరాలి. వృత్తిని వంశపారంపర్యం చేయడానికి ఇక్కడ మనుస్మృతి అక్కర్లేదు, ఇంటి తాళం చాలు.

2015 సెప్టెంబరులో వేలాది మహిళలు ‘పెంబిళై ఒరుమై’ (స్త్రీల ఐక్యత) పేరిట, సంఘాల నాయకులను దరి చేరనీయక, మున్నార్‌ను స్తంభింపజేసి 20 శాతం బోనస్ సాధించారు. ఆ తర్వాత కూలీ పెరిగింది, ఇల్లు మాత్రం సొంతం కాలేదు. 2020 ఆగస్టు 6 రాత్రి పెట్టిముడిలో కొండచరియ లయాలపై విరిగిపడి 70 మంది బలయ్యారు. మరునాటి కోళికోడ్ విమాన ప్రమాద మృతుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం 10 లక్షలు ప్రకటించింది. వీరికి ప్రకటించింది 5 లక్షలు.

తిరుగు ప్రయాణంలో అదే విద్యార్థిని అన్నది: ‘మా ఊరి రొయ్యల గుంటల కాడా ఇంతే కదా సార్!’ నిజమే. మా తీరంలో గుంట గట్టు మీది గుడిసెలో యానాది కుటుంబం రాత్రింబవళ్లు కాపలా ఉంటుంది. గుడిసె కింది నేల యజమానిది. తీసుకున్న అడ్వాన్సు తీరనిదే కదలడానికి వీల్లేదు. వెట్టిచాకిరీని రద్దు చేసిన చట్టం 1976 నాటిది.

కులం శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికుల విభజన అని అంబేడ్కర్ 1936లోనే తేల్చారు. ఆ విభజనను నిలిపి ఉంచేది కాలి కింది నేల ఎవరిదన్న ప్రశ్నే. కూలీ రేట్లు, రిజర్వేషన్లు అవసరమే. అయితే యజమానితో తగాదా పడిన రాత్రి కూడా తల దాచుకోగల సొంత గూడు లేనివారు ఏ హక్కునూ అడగలేరు. గుంట గట్టుకు దూరంగా, ఆడవారి పేరిట ఇంటి పట్టా ఇవ్వాలన్నది కుల నిర్మూలన ఉద్యమాల తొలి డిమాండు కావాలి.