ముక్కు వెనుక పుట్టు కాన్సరు: సూక్ష్మదర్శినిలో దాని మారురూపములు

గుడ్డ నాణెమును చేతితో తడిమి కొంత చెప్పవచ్చును. అంగుళమునకు పోగులెన్నో తెలియవలెనన్న అద్దము పెట్టి చూడవలసినదే. కాన్సరు నిర్ణయమును అట్టిదే. అనుమానమున్న చోట చిన్న ముక్క తీసి, పలుచని పొరలుగా కోసి, రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూతురు. ఆ అద్దములో సయితము పోలిక మార్చుకొని కనబడు వ్యాధులు కొన్ని కలవు. ముక్కు రంధ్రములకు వెనుక, కొండనాలుకకు పైన పుట్టు కాన్సరు వానిలో నొకటి.

ఇది దక్షిణ చైనాలోను, ఆగ్నేయాసియాలోను హెచ్చు. మన దేశమున నాగాలాండు, మణిపూరులలో తరచుగా కనబడును; తక్కిన రాష్ట్రములలో అరుదు. అరుదైనది గనుకనే ముందుగా తలపునకు రాదు. 1964లో కనుగొన్నట్లు ప్రకటింపబడిన ఎప్‌స్టీన్-బార్ వైరసునకు దీనితో సంబంధము కలదు. ఆ వైరసు పెద్దవారిలో చాలమందికి సోకియే యుండును. కాన్సరు వచ్చునది బహు కొద్దిమందికే. ఈ కాన్సరు అంటువ్యాధి కాదు.

దీని సాధారణ రూపమును 1921లో ఫ్రాన్సున రెగో, జర్మనీలో ష్మింకె వేరువేరుగా వర్ణించిరి. కణములు పెద్దవి, వాని హద్దులు తెలియవు. చుట్టును లింఫోసైటులను తెల్లకణములు క్రమ్ముకొని యుండును. రెగో చూపిన రకములో కాన్సరు కణములు గుంపులు కట్టును. ష్మింకె రకములో అవి తెల్లకణముల నడుమ విడివిడిగా చెదరి యుండును. పడుగు ఏదో పేక ఏదో తెలియనట్లుండును. అందువలన లింఫోమాయని భ్రమ కలుగవచ్చును.

అసాధారణ రూపములు మరికొన్ని కలవు. కొన్నిట కణములు కదురువలె సన్నగా సాగి యుండును. కొన్నిట లోపల ఖాళీయైనట్లు తెల్లగా కనబడును. అన్నిటికన్న మోసకరమైనది మరియొకటి: కాన్సరు నడుమనే క్షయలో కనబడునట్టి చిన్న కణపు గడ్డలు ఏర్పడుట. అసలు కణములు కొద్దియై వాని చాటున నుండిపోయినచో, పరీక్షకునకు క్షయయే తోచును.

చిక్కు ఇక్కడనే యున్నది. ఈ కాన్సరు తరచుగా మెడలో నొప్పిలేని గడ్డగా మొదట బయటపడును. మన దేశమున మెడగడ్డ యనగానే క్షయను తలచుట సహజమే, పలుమారులు సరియే. కాని క్షయ మందులు వాడుచుండగా గడ్డ తగ్గక పెరుగుచున్నచో మరల విచారింపవలెను. కెరటిన్ అను పదార్థమును చూపు ప్రత్యేక రంగు పరీక్షయు, కణములలో ఆ వైరసు జాడను చూపు పరీక్షయు చాటుననున్న కణములను పట్టి యిచ్చును.

కాన సభ్యులకు మా మనవి యిది. మూడు వారములు దాటినను తగ్గని మెడగడ్డ, కఫములో నెత్తురు, ఒకవైపు ముక్కు బిగియుట ఉపేక్షింపరాదు. చెవి మందగించిన మగ్గపు చప్పుడు వలననే యనుకొందుము. చప్పుడు వలని చెవుడు సాధారణముగా రెండు చెవులకును వచ్చును. ఒక చెవియే దిబ్బడ వేసినచో చెవి, ముక్కు, గొంతు వైద్యునిచే ముక్కు వెనుక భాగము చూపించుకొనవలెను. ముక్క తీసి పరీక్షించినచో రిపోర్టుతోపాటు గాజు పలకలను, మైనపు దిమ్మను అడిగి భద్రపరచుకొనవలెను. వేరొక ఆసుపత్రిలో మరల చూచుటకు అవియే ఆధారము.

భయపడి దాచుకొనవలసిన వ్యాధి కాదిది. కిరణ చికిత్సకు బాగుగా లొంగును. ముదిరినచో దానికి తోడు మందులిత్తురు. తొలిదశలో పట్టుబడినవారిలో ఎక్కువమంది కోలుకొందురు.